రేకు బిళ్ళల కోర్టు

తిజీ ఉమ్లిల్ అనే కొండ ఊళ్ళో కుటుంబ కోర్టు నడవాలో రంగు గీతలు గీసింది యమ్నాయే. పెయింటరు చేత గీయించలేదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇరవై రెండేళ్ళ సర్వీసున్న గుమాస్తా, పొడుగాటి జెల్లాబా అంగీ అంచు నడుముకి దోపుకుని, మంచులా ఉన్న నేల మీద మోకాళ్ళేసుకుని, రెండు ఆదివారాలు కూర్చుని తన చేత్తో గీసింది. ఎర్ర గీత విడాకులకి. నీలం గీత పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగువులకి. పసుప్పచ్చ గీత కాగితం లేకుండా జరిగిన పెళ్ళిళ్ళని రుజువు చేసుకోవడానికి. ఆకుపచ్చ గీత ఉత్త నకళ్ళకి. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి తన రంగు పట్టుకుని నడిస్తే చాలు, తిన్నగా తన కిటికీ ముందుకొచ్చి ఆగుతుంది. చదువు రానక్కర్లేదు, ఎవర్నీ బతిమాలనక్కర్లేదు.

సోమవారం తలుపులు తెరవకముందే వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి ఆ గీతల్ని తనివితీరా చూసుకుంది యమ్నా. పెళ్ళిపీట మీద ముగ్గులేసినామె కూడా అంత మురిసిపోదు. రాజధాని నుంచి వచ్చిన అమ్మాయి కూడా "మీ ఆలోచనే లల్లా యమ్నా, నాది కాదు" అని నలుగురిలో, లల్లా అని పెద్దరికమిచ్చి మరీ చెప్పింది. ఆ మాట యమ్నా రాత్రి అన్నం దగ్గర తనకి తానే రెండుసార్లు చెప్పుకుంది.

తొమ్మిదయ్యేసరికి నడవా నిండింది. నలభై మందికి తక్కువ లేరు. నలభై మందీ ఆకుపచ్చ గీత మీద నిలబడ్డారు. ఆ వరస నడవా దాటి, గుమ్మం దాటి, మెట్ల మీద కరుగుతున్న మంచులోకి వెళ్ళిపోయింది. ఎరుపు, నీలం, పసుపు గీతలు అడుగుమచ్చ లేకుండా తళతళలాడుతున్నాయి.

కోర్టు బంట్రోతు బూఅజ్జా చేతులు వెనక్కి కట్టుకుని ఆ వరస పొడుగూతా నడిచి వచ్చాడు.

"లల్లా యమ్నా, నీ గీతల మహిమ చూశావా? మన ఊళ్ళో ఎవరికీ మొగుడితో పేచీ లేదు, పిల్లల గొడవ లేదు. అందరూ నకళ్ళ కోసమే పుట్టారు."

"నోర్మూసుకో బూఅజ్జా."

"మూసుకుంటా. మూసుకోమనే కదా ఈ గీతలు గీసింది."

అతని కోపానికి కారణం ఉంది. ఈ గీతలు రాకముందు ఆ కోర్టు నడిచిందే అతని గొంతు మీద. పొద్దున్నే మెట్టెక్కి, జాబితా విప్పి, పేరూ తండ్రి పేరూ వచ్చిన పనీ కలిపి ఒక్క ఊపున అరిచేవాడు. కుర్రతనంలో పెళ్ళిళ్ళలో డప్పు పట్టి పాడిన గొంతు. బజారు చివర పుదీనా అమ్మేవాడికి కూడా వినిపించేది. మధ్యాహ్నమయ్యేసరికి ఎవరి కాపురం ఎక్కడ తెగిందో ఊరంతా నోటికి వచ్చేది. ఇదేం పద్ధతని ఇరవై రెండేళ్ళలో యమ్నాతో సహా ఎవరూ అడగలేదు.

అడిగింది నిస్రీన్. అక్టోబరులో రాజధాని రబాత్ నుంచి బస్సు దిగిన పిల్ల. సంచీ నిండా పసుప్పచ్చ చీటీలు, అట్టముక్కలు, కత్తెరలు. కోర్టుని జనానికి దగ్గర చెయ్యాలని పైవాళ్ళు పంపారు. దానికి డిజైన్ థింకింగ్ అనే పద్ధతి ఉందని చెప్పింది.

"ఆలోచించడానికి కూడా పేరు పెట్టారా? మరి ఇన్నాళ్ళూ మనం చేసిందేంటి?" అన్నాడు బూఅజ్జా.

నిస్రీన్ నవ్వేసి, సీ అని పెద్దమనిషిని పిలిచే మర్యాదతోనే అడిగింది. "సీ బూఅజ్జా, చెప్పులు కుట్టేవాడు ముందేం చూస్తాడు?"

"తోలు."

"మా బాబాయి కూడా అదే అనుకుని కొట్టు మూసేసుకున్నాడు. ముందు కాలు చూడాలి. మనం కోర్టు కుట్టేశాం, కాలు చూడలేదు. ఇప్పుడు కాళ్ళు చూద్దాం. తోలు జోలికి పోకుండా అట్టముక్కతో కుట్టి తొడిగిద్దాం. కరిస్తే విప్పి పారేద్దాం, మళ్ళీ కుడదాం. అంతే నా పద్ధతి."

పనిమంతురాలి మాటలే. కానీ అట్టముక్కతో ఆగేంత ఓపిక యమ్నాకి లేకపోయింది. గీతల ఆలోచన రావడమే ఆలస్యం, నాలుగు డబ్బాల పెయింటు కొనేసింది.

ఆ సోమవారం పదకొండు గంటలకి వరసలోంచి ఒకామె యమ్నా కిటికీ ముందుకి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, తల మీద కొండవాళ్ళ చారల ఉన్ని శాలువా, చంకలో పాత గుడ్డలో చుట్టిన కాగితాలు. ఈ ముఖాన్ని యమ్నా ఇంతకుముందు మూడుసార్లు చూసింది. మూడుసార్లూ తన వంతు రాకముందే వరసలోంచి తప్పుకుని వెళ్ళిపోయింది.

"ఏం కావాలమ్మా?"

"నకలు."

"దేని నకలు?"

ఆమె పక్కకి చూసింది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళ వైపు చూసింది. "ఏదైనా సరే," అంది.

"ఏదైనా సరే అని నకలుండదు తల్లీ. నీ వెనక నలభై మంది నిలబడి చస్తున్నారు, తొందరగా చెప్పు." యమ్నా గొంతులో కసురు తనకే వినిపించింది.

ఆమె తల వంచుకుని, గుడ్డమూట చంకలో బిగించుకుని వెళ్ళిపోయింది. మరో ఇద్దరు ముగ్గురి పని చూశాక యమ్నాకి కుర్చీలో నిలవబుద్ధి కాలేదు. కిటికీ రెక్క దించేసి బయటికి నడిచింది.

కోర్టు పక్క గోడకి ఎండ పడే చోట ఆమె కూర్చుని ఉంది. యమ్నా ఎదురుగా నిలబడింది. "నకలు కోసం నాలుగుసార్లు ఎవరూ రారమ్మా. నీ పనేంటో చెప్పు."

చెప్పడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. పేరు ఇత్తో. పన్నెండేళ్ళ కిందట కొండ మీది పల్లెలో హమ్మూతో పెళ్ళయింది. పెద్దలు కూర్చుని ఫాతిహా ప్రార్థన చదివారు, గొర్రెని కోశారు, మూడు పల్లెలు వచ్చి తిన్నాయి. అడవి శాఖ పనిలో దేవదారు మాను మీద పడి హమ్మూ పోయేనాటికి కూతురు తూదా ఉయ్యాల్లో ఉంది. పెళ్ళికి కాగితం లేదు కాబట్టి పిల్ల పుట్టుకకీ కాగితం లేదు. ఇత్తో పట్నంలోకి వచ్చి బడి వంటగదిలో పనికి కుదిరింది. ఇప్పుడు తూదా ఆరో తరగతి. పరీక్షకి పేరు రాయించాలంటే జనన నమోదు చూపించమంటున్నారు.

"కాగితం లేని పెళ్ళిళ్ళని కోర్టు ఒప్పుకునే గడువు ఫిబ్రవరి ఐదుతో అయిపోతుందంట కదా. రేడియోలో చెప్పారు."

"నిజమే. ఇంకా మూడు వారాలుంది. పసుపు గీత మీద నిలబడి ఆ కిటికీకి రావాల్సింది కదమ్మా, ఇంత చక్కగా గీసి పెడితే!"

ఇత్తో తలెత్తి మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. "ఆ గీత మీద నిలబడితే నేనేంటో మా వీధికంతా తెలిసిపోతుంది. ఇన్నేళ్ళూ మా వీధిలో ఎవరూ నీ పెళ్ళి కాగితం చూపించు అనలేదు. నేనూ చెప్పలేదు. ఎదురింటి రబ్హా ఇవాళ నా వెనకే నిలబడి ఉంది. సీ బూఅజ్జా పేరు పెట్టి అరిచే రోజుల్లో అరుస్తాడని భయపడి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు మీరు గీత గీసి మరీ చూపిస్తున్నారు."

యమ్నాకి చెంప మీద కొట్టినట్టయింది. రెండు ఆదివారాలు, నాలుగు డబ్బాల పెయింటు, మోకాళ్ళ నొప్పి. అంతా కలిపి తను చేసింది ఏమిటంటే, బూఅజ్జా గొంతుని తెచ్చి నేల మీద పరిచింది.

"సరే, లే. వెనక తలుపు నుంచి తీసుకెళ్తాను. ఎవరి కంటా పడవు. ఇప్పుడే అర్జీ పెట్టేద్దాం."

ఇత్తో లేచింది గానీ వెనక తలుపు వైపు అడుగు వెయ్యలేదు. "మూడు పల్లెలు తిన్న పెళ్ళమ్మా నాది. దొంగ పెళ్ళి కాదు. వెనక తలుపెందుకు?" అంది. శాలువా సర్దుకుని బజారు వైపు నడిచింది.

యమ్నా ఆ రోజు సాయంత్రం నిస్రీన్‌కి జరిగింది చెప్పింది. తిడుతుందనుకుంది. ఆ పిల్ల పసుప్పచ్చ చీటీ తీసి, "ముందు తలుపు నుంచే రావాలి, ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియకూడదు" అని రాసి గోడకి అంటించింది. "ఇవాళ కాలు దొరికింది లల్లా యమ్నా. ఇన్నాళ్ళూ తోలే చూస్తున్నాం," అంది.

"గడువు మూడు వారాలే పిల్లా."

"అందుకే ఏడుస్తూ కూర్చోకూడదు."

యమ్నాకి ఏడుపు రాలేదు గానీ సిగ్గేసింది. తన ఊరు తనకి తెలుసనుకుంది. తెలిసిన మనిషి గీసే గీతలా అవి?

శుక్రవారం పొద్దున పిండి కలిపి, నాలుగు రొట్టెలు ఒత్తి, పీట మీద పెట్టి గుడ్డ కప్పి, వీధివాళ్ళందరి రొట్టెలూ కాల్చిపెట్టే పొయ్యికి తీసుకెళ్ళింది. ఆ పొయ్యి వాళ్ళ నాన్నది, ఇప్పుడు తమ్ముడు బాసూ నడుపుతున్నాడు. అక్కడ అప్పటికే ముప్పై పీటలు వరసగా ఉన్నాయి. అన్నింటి మీదా గుడ్డలే. ఆడవాళ్ళు వస్తున్నారు, పీట పెడుతున్నారు, మంచిచెడ్డలు మాట్లాడుకుంటూ వెళ్తున్నారు. కాలిన రొట్టెలు తీసుకోవడానికి వచ్చినప్పుడు బాసూ ఎవర్నీ ఏమీ అడగడు. ముఖం చూసి పీట అందిస్తాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. చూస్తూ చూస్తూ ఆ రోజు యమ్నా అక్కడే నిలబడిపోయింది.

"ఏంటక్కా, మీ కోర్టు ఇక్కడికి మార్చారా?"

"ఎవరి పీట ఎవరిదో నీకెలా తెలుస్తుందిరా?"

"గుడ్డని బట్టి. పిండి మీద వేలి గుర్తుని బట్టి. ఒకామె మూడు గాట్లు పెడుతుంది, ఒకామె ఫోర్కుతో పొడుస్తుంది. నీకు తెలీదా ఏంటి?"

"పేరు అడగవా?"

బాసూ పొడుగాటి చెక్క గరిటె ఆపి అక్క వైపు చూశాడు. "అడిగితే రేపట్నుంచి ఎవరొస్తారు? గుడ్డ కూడా పొయ్యి నోటి దగ్గరికి తెచ్చాకే తీస్తాను. ఆరుగురున్న ఇంట్లోంచి రెండే రొట్టెలు వచ్చే రోజులుంటాయక్కా. అది నేను చూస్తాను, పొయ్యి చూస్తుంది. మూడో మనిషికెందుకు? నాన్న నేర్పింది అదే కదా."

యమ్నా రొట్టెల కోసం ఆగలేదు. పీట అక్కడే వదిలి, పిండి చేతులతోనే నిస్రీన్ ఉంటున్న గదికి పరిగెత్తింది. ఆ మధ్యాహ్నం రొట్టె లేకుండానే గడిచింది యమ్నా ఇంట్లో.

ఆదివారం గీతలు చెరపడానికి కూర్చుంది. గియ్యడానికి రెండు రోజులు పట్టింది, చెరపడానికి మూడు రోజులు పట్టింది. మందు వాసనకి కళ్ళు మండాయి. బూఅజ్జా కాసేపు చూసి, గోకుడు కత్తి ఒకటి తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. వెక్కిరించలేదు. అదే యమ్నాకి ఎక్కువ బాధగా అనిపించింది.

కొత్త పద్ధతి ఇదీ. తలుపొకటే, వరసొకటే, ఏ పనికి వచ్చినా సరే. గుమ్మంలో గంప నిండా రేకు బిళ్ళలుంటాయి. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో బొమ్మ. టీ కాచే కేటిలీ, కొడవలి, తాళంచెవి, కోడి, దువ్వెన, దీపం. అంకెలు చదవలేనివాళ్ళకి కూడా బొమ్మ తెలుస్తుంది. ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకోవచ్చు. బిళ్ళతో పాటు కాగితాలు పెట్టుకోవడానికి ఒకే రంగు గుడ్డసంచి, అందరికీ ఒకటే. తమ బొమ్మ పేరు పిలిచినప్పుడు లోపలి చిన్నగదిలోకి వెళ్ళి, తలుపు మూసుకున్నాక, ఎందుకు వచ్చారో అక్కడ చెప్పాలి. గదిలో యమ్నా ఉంటుంది. మూడో మనిషి ఉండదు. మొదట అట్టముక్కలతో చేసి పొరుగింటి ఆడవాళ్ళతో ఆడించి చూశారు. అట్ట చెమటకి మెత్తబడుతోందని తేలాక నూనె డబ్బాల రేకు కత్తిరించారు.

"అయితే నా పనేంటి? నోరు కుట్టుకోనా?" అన్నాడు బూఅజ్జా.

"బొమ్మలు నువ్వే పిలవాలి. నీ గొంతు లేకపోతే ఎవరికి వినిపిస్తుంది?" అంది యమ్నా.

అతను కోడి బిళ్ళ ఎత్తి చూశాడు. "కోడీ అని అరవాలి. ఈ వయసులో."

"అరవాల్సిందే."

కోర్టు జడ్జి సీ ముఫద్దల్ దగ్గర మాత్రం అంత సులువుగా తెమల్లేదు. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రాజుగారి పేరు మీద తీర్పు చెప్పే చోటు యమ్నా ఇది. ఇక్కడ కోడీ, కేటిలీ అని అరుస్తారా? ఇది కోర్టా, సంతా?"

"సంతకి జనం ధైర్యంగా వస్తారయ్యా."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఇరవై రెండేళ్ళలో ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. సీ ముఫద్దల్ కోడి బిళ్ళని బల్ల మీద పెట్టేశాడు. "ఫిబ్రవరి ఐదు దాకా చూద్దాం. ఒక్క ఫైలు తారుమారైనా బిళ్ళలన్నీ నీ చేతే కరిగించి కేటిలీ చేయిస్తాను."

మొదటిరోజు నవ్వులాటే అయింది. బూఅజ్జా సొంత తెలివితో గాడిద బొమ్మ కూడా వేశాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. చివర మిగిలిన ముసలాయన "నేను గాడిదనా?" అని గొడవకి దిగితే, బూఅజ్జా ఆ బిళ్ళ తన మెడలోనే వేలాడేసుకుని ఆయనకి దీపం ఇచ్చాడు. దువ్వెన కోసం ఇద్దరు పెళ్ళికాని పిల్లలు జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. ఒకామె కేటిలీ బిళ్ళ నచ్చి, పనయ్యాక ఇంటికి పట్టుకెళ్ళిపోయింది. కానీ వరస కదిలింది. "కేటిలీ! నీళ్ళు మరిగాయమ్మా, లోపలికి రా!" అని బూఅజ్జా అరుస్తుంటే నడవా అంతా నవ్వు. ఆ నవ్వు మధ్యలోంచి లేచి లోపలికి వెళ్ళిన ఆడమనిషి విడాకులకి వెళ్ళిందో, నకలుకి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. ఎవరికీ పట్టలేదు కూడా.

తలుపు మూశాక తెలిసేది యమ్నాకి. ఆ వారం కాగితం లేని పెళ్ళిళ్ళ అర్జీలు పంతొమ్మిది వచ్చాయి. అంతకుముందు ఆరు నెలల్లో వచ్చినవి నాలుగు. ఒకామె గదిలోకి వచ్చి, కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండా పావుగంట ఏడ్చి, అప్పుడు పేరు చెప్పింది. అర్జీలు రాస్తూ రాస్తూ యమ్నా వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆ నొప్పి కూడా ఆమెకి గొప్పగానే ఉంది.

ఇత్తో మాత్రం రాలేదు.

జనవరి అయిపోయింది. గుమ్మంలో నీడ పడితే యమ్నా మెడ సాచి చూసేది. ఆమె ఇల్లెక్కడో కనుక్కుని వెళ్దామనుకుంది. వెళ్తే ఎదురింటి రబ్హా చూస్తుంది, కోర్టు గుమాస్తా ఇత్తో గడప తొక్కిందని వీధంతా పాకుతుంది. బడికి వెళ్దామనుకుంది, అదీ అంతే. తమ్ముణ్ణి అడిగింది. "ఉన్ని శాలువా ఇత్తో మీ పొయ్యికి వస్తుందా? వస్తే ఒక్క మాట చెప్పరా."

"వచ్చేదీ రానిదీ నేను చెప్పనక్కా. నీక్కూడా."

"గడువు దాటిపోతే ఆ పిల్ల చదువు ఆగిపోతుందిరా!"

"నేను నోరు విప్పను. కానీ బిళ్ళల సంగతి ఇక్కడ ఆడవాళ్ళే పొద్దస్తమానం చెప్పుకుంటున్నారు. వినాల్సినవాళ్ళు వింటారులే."

కోపమొచ్చింది గానీ తమ్ముణ్ణి ఏమీ అనలేకపోయింది. వాడి పద్ధతినే కదా తను కోర్టుకి తెచ్చింది.

ఫిబ్రవరి నాలుగు, సోమవారం. తెల్లారి నుంచీ మంచు. పదిన్నరకి గుమ్మంలో ఉన్ని దుప్పట్లు కప్పుకున్న నలుగురు ముసలాళ్ళు గడ్డాల మీది మంచు దులుపుకుంటూ కనబడ్డారు. వాళ్ళ వెనక ఇత్తో. ఆమె చెయ్యి పట్టుకుని పొడుగాటి జడ వేసుకున్న పిల్ల. ముసలాళ్ళని తీసుకురావడానికి ఆమె కొండెక్కి మూడు పల్లెలూ తిరిగింది. దారి మంచుకి మూసుకుపోతే రెండు రోజులు అక్కడే చిక్కుపడింది. అదీ ఆలస్యానికి కారణం.

ముందు తలుపు నుంచే వచ్చింది. గంపలో చెయ్యి పెట్టి దువ్వెన తీసింది. నడవాలో అందరి మధ్యా కూర్చుంది. పక్క బల్ల మీద రబ్హా తాళంచెవి పట్టుకుని కూర్చుని ఉంది. ఇద్దరూ చలి గురించి మాట్లాడుకున్నారు.

"దువ్వెన! చిక్కు పడింది, లోపలికి వచ్చి తీయించుకో తల్లీ!"

తలుపు మూసుకుంది. యమ్నా అర్జీ రాసింది. తేదీ ఒకసారి తప్పు పడితే కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది. ముద్ర వేసి, తడి ఆరేదాకా ఊదింది.

"వెనక తలుపు నుంచి ఎందుకు రాలేదో అర్థమైందా అమ్మా?" అంది ఇత్తో.

"అర్థమైంది. అర్థమవడానికి నాలుగు డబ్బాల పెయింటు పట్టింది."

విచారణ మార్చిలో జరిగింది. ముసలాళ్ళని సీ ముఫద్దల్ ఒక్కొక్కర్నే లోపలికి పిలిచాడు. పన్నెండేళ్ళ నాటి పెళ్ళి మీకెలా గుర్తుందని నిలదీశాడు. మొదటాయన, "ఆ రోజు మాంసంలో ఉప్పెక్కువైందయ్యా. తిట్టుకుంటూ తిన్నాం," అన్నాడు. రెండో ఆయన్నీ మూడో ఆయన్నీ అడిగితే వాళ్ళూ ఉప్పు మాటే చెప్పారు. నాలుగో ఆయన తలుపు దగ్గరే ఆగి, "వండింది నేనేనయ్యా, ఇన్నాళ్ళకి కోర్టుకెక్కిస్తారనుకోలేదు," అన్నాడు. సీ ముఫద్దల్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

తీర్పు ఏప్రిల్ మొదటి మంగళవారం. పరీక్షల జాబితా మూసెయ్యడానికి ఇంకా ఆరు రోజులుంది. నడవా ఎప్పటిలాగే కిటకిటలాడుతోంది. ఇప్పుడు పక్క జిల్లాల కోర్టులవాళ్ళు కూడా వచ్చి చూసిపోతున్నారు. వాళ్ళకి బిళ్ళలు చూపించేది బూఅజ్జాయే. ఆలోచన ఎవరిదని వాళ్ళడిగితే "మాదే" అంటాడు. యమ్నాకి ఆ మాట మీద అభ్యంతరం లేదు. మొదట్లో "నాది" అన్నప్పుడు ఉన్న పొంగు కంటే, "మాది" అని వింటున్నప్పుడు వచ్చే పొంగు గట్టిగా ఉందని ఆమెకి తెలిసింది.

"దువ్వెన!"

ఇత్తో లేచి కూతురితో లోపలికి వెళ్ళింది. తీర్పు చదివారు. ఫలానా సంవత్సరం ఫలానా నెల నుంచి ఇత్తో, హమ్మూ భార్యాభర్తలు, తూదా వాళ్ళ బిడ్డ అని. ముద్ర పడిన కాగితాన్ని యమ్నా ఆమెకి రెండు చేతులతో అందించింది. ఇత్తో దాన్ని గుడ్డసంచిలో పెట్టుకోలేదు. చేత్తో పట్టుకుని నడవాలోకి వచ్చింది. యమ్నా వెనకే గుమ్మం దాకా వచ్చింది.

బిళ్ళ తిరిగి గంపలో వెయ్యాలి. ఇత్తో వేసింది. వేసి, వెళ్ళిపోకుండా, బల్లల మీద కూర్చున్న యాభై మంది వైపు తిరిగింది.

"నా పేరు ఇత్తో. హమ్మూ పెళ్ళాన్ని. ఇది మా అమ్మాయి తూదా."

నవ్వులాటలు ఆగిపోయాయి. ఏ ఒక్క పేరూ ఈ నడవాలో పలకాల్సిన అవసరం రాకూడదని యమ్నా మూడు నెలలు రెక్కలు ముక్కలు చేసుకుంది. ఇప్పుడు ఇత్తో తనంతట తానే, ఎవరూ పిలవకుండా, నిలబడి ఆ పేరు పలికింది. ఈ కోర్టు గోడల మధ్య ఒక ఆడమనిషి తన పేరు తను అంత తలెత్తుకుని చెప్పడం యమ్నా ఎన్నడూ వినలేదు. కళ్ళు చెమర్చాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

రబ్హా బల్ల మీద నుంచి లేచింది. "హమ్మూ పెళ్ళానివి కాదని ఎవరన్నారే? చెప్పు, వాళ్ళ సంగతి నేను చూస్తాను," అంది. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వాళ్ళ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు సంబరంగా కూసినట్టు నాలుక తిప్పుతూ గట్టిగా కూత పెట్టింది. పక్కామె అందుకుంది. ఆ పక్కామె అందుకుంది. నడవా దద్దరిల్లిపోయింది. తూదా సిగ్గుతో తల్లి శాలువాలో ముఖం దాచుకుంది.

లోపలి తలుపు తెరుచుకుంది. సీ ముఫద్దల్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని బయటికి వచ్చాడు.

"ఏంటీ గోల యమ్నా? ఏం జరుగుతోందిక్కడ?"

"పెళ్ళయ్యా."

"కోర్టులో పెళ్ళేంటి? ఎవరు చేశారు?"

"మీరే చేశారు కదయ్యా, ఇప్పుడే," అంది యమ్నా. అని, ఇరవై రెండేళ్ళుగా ఆ నడవాలో ఎన్నడూ పెగలని గొంతెత్తి, తనూ కూత పెట్టింది.